ఓడే జట్టుకు కోచ్ కావాలి

దోహా, అల్ మన్సూరా
19 జనవరి 2007, శుక్రవారం

జలంధర్ మామకు,

మణి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, ముత్యం, పిల్లలిద్దరూ బాగున్నాం. నీ చెవులు దాదాపుగా పోయాయని, మిషన్ పెట్టుకుంటే తేనెటీగల రొద తప్ప ఏమీ వినబడడం లేదని బాలవ్వత్త ఫోన్‌లో చెప్పింది. ఇకమీదట మణితో మాటలన్నీ ఉత్తరాల్లోనే అన్నావట. నాకూ అదే నయం. ఫోన్‌లో కోపం వస్తే సగంలోనే పెట్టేస్తాను. కాగితం మీదైతే చివరిదాకా చెప్పవచ్చు.

కోపం దేనికంటే, మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు సంగతి నీకు తెలిసిందే. రెండేళ్లుగా ఒక్క మ్యాచ్ గెలవలేదు. హెడ్ కోచ్‌గా ఉన్న లెబనాన్ ఆవిడ నవంబరులో వాళ్ల దేశం వెళ్లిపోయింది. అప్పటి నుంచి అసిస్టెంట్‌నైన నేనే అన్నీ చూస్తున్నాను. ప్రాక్టీసు నాది, బస్సు నాది, బెణికిన చీలమండలకు ఐసు పెట్టడం నాది, ఓడిపోయాక తల వంచుకుని ఆఫీసులో నిలబడడం కూడా నాదే.

మొన్న మా అడ్మినిస్ట్రేషన్ ఆఫీసరు ఇక్రాముద్దీన్ సాబ్ పిలిచాడు. హైదరాబాదు మనిషే. "గంగామణి గారూ, ముబారక్. కొత్త హెడ్ కోచ్‌ను సెలక్ట్ చేసే కమిటీల మీ పేరు పెట్టించిన" అన్నాడు. ఎంత గౌరవమో చూడు మామా. నేను చేస్తున్న పనికి ఇంకొకరిని వెతికే బాధ్యత నాకే అప్పగించారు. కమిటీలో ఉన్నవాళ్లు ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టకూడదట. ఆ మాట నేను తలుపు దగ్గరికి వచ్చాక, నా వెనక నుంచి చెప్పాడు.

ఊరు ఊరంతా క్రేన్లే. చమురు ధర పెరిగిన కొద్దీ ఇక్కడ ప్రతిదానికీ ప్రపంచంలో అందరికంటే పెద్ద పేరున్నవాళ్లే కావాలంటున్నారు. ముత్యం పొద్దు పొడవకముందే లుసైల్ సైటుకు పోతున్నాడు.

అత్తకు నా దండాలు.
నీ మేనకోడలు,
గంగామణి

*

ఆర్మూరు
5 ఫిబ్రవరి 2007

మణికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మా ఇద్దరిలో మీ అత్త బాగున్నది, నేను చెవులు తప్ప బాగున్నాను. పసుపు ఉడకబెట్టే రోజులు కదా, ఊరంతా ఆ వాసనే.

నీ ఉత్తరం చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బస్టాండు దాకా పోయి కనబడ్డవాళ్లందరికీ చెప్పి వచ్చాను, "మా మేనకోడలు దుబాయ్‌ల కోచ్‌లను ఎంచే కమిటీల మెంబరైంది" అని. దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పబోతే పొద్దుగూకుతుంది, అందుకని దుబాయ్ అనే అన్నాను. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజికల్ డైరెక్టరుగా చేసిన నన్ను ఏనాడూ ఏ కమిటీలోనూ వేయలేదు. నా శిష్యురాలిని వేశారు. అది చాలు.

కమిటీవాళ్లు అర్జీ పెట్టకూడదన్న రూలు న్యాయమైనదే. నీకు ఇద్దరు పిల్లలు, ఇల్లు, ముత్యం డ్యూటీలు. ఆ పెద్ద పని మీద నీకు ఆశ లేకపోవడమే మంచిది. ఆశ లేనివాళ్లే సరిగ్గా ఎంచగలరు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఓడిపోయే జట్టుకు కోచ్‌ను ఎంచేటప్పుడు మెడలో పతకాలు చూడొద్దు. మా కాలేజీలో ఒకసారి ఆ తప్పు చేశారు. జాతీయ జట్టులో ఆడినాయన్ను పెద్ద సిఫారసు మీద తెచ్చారు. మా పిల్లలకు ఎడమ చేత్తో బంతి కొట్టడం రాదు. ఆయన జన్మలో అలాంటి పిల్లలను చూడలేదు. వారం రోజులు నోరు తెరిచి చూసి, తర్వాత తిట్టి, వానలు పడకముందే వెళ్లిపోయాడు. అప్పుడు నేను బోధన్ పోయి గౌస్ మొహియుద్దీన్‌ను అడిగి తెచ్చాను. ఆయన బోధన్ జట్టు అంతకుముందు నలభై పాయింట్ల తేడాతో ఓడేది, ఆయన చేతికి వచ్చాక నాలుగు పాయింట్లతో ఓడింది. కప్పు రాలేదు. కాని ఆ తేడా ఎట్లా తగ్గించాడో ఆయనకు తెలుసు. మనకు కావలసింది ఆ తెలివి.

ఇంకొకటి. వచ్చినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగొద్దు. మాటలు ఎవరైనా చెబుతారు. కోర్టులోకి దించి మీ పిల్లలతోనే ప్రాక్టీసు చేయించమనండి. అయ్యాక పిల్లలను అడగండి. ఈ కాలంలో పెళ్లిచూపులకు కూడా పిల్లను అడుగుతున్నారు, కోచ్‌కు అడగకపోతే ఎట్లా.

మన ఊరివాళ్లని, మన భాషవాళ్లని ఎవరి పక్షమూ పట్టకు.

మీ మామ,
జలంధర్

*

దోహా
21 ఫిబ్రవరి 2007

మామా,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఆ పని మీద నాకు ఆశ లేదని నీకు ఎవరు చెప్పారు?

పదకొండేళ్ల పిల్లను చెప్పుల్లేకుండా గ్రౌండు చుట్టూ పరుగెత్తించింది నువ్వు. కోచింగ్ డిప్లొమాకు పటియాలా పంపమని మా నాయనతో కొట్లాడి, ఆరు నెలలు మా ఇంటి గడప తొక్కనిది నువ్వు. ఎందుకు కొట్లాడావు? కమిటీలో కూర్చుని చాయ్ తాగడానికా? నేను ఎగతాళిగా రాసింది నువ్వు నిజమనుకుని బస్టాండులో చాటి వచ్చావు. నన్ను కమిటీలో వేసింది గౌరవానికి కాదు మామా, అడ్డు తప్పించడానికి.

పోయిన ఆదివారం మొదటి మీటింగు అయింది. డీన్ గారు, ఇక్రాముద్దీన్ సాబ్, మనుషులను వెతికిపెట్టే కంపెనీ నుంచి ఒకతను, నేను. తెర మీద ఒకాయన ఫోటోలు వేశారు. ఐరోపాలో మగవాళ్ల జట్లకు కప్పులు గెలిపించిన కోచ్. కప్పు ఎత్తుకున్న ఫోటో, భుజాల మీద మోస్తున్న ఫోటో. ఇంతటి పేరు మన కాలేజీకి వస్తే పేపర్లన్నీ రాస్తాయన్నాడు డీన్.

నేను చెయ్యెత్తి అడిగాను. "మా జట్టులో సగం మంది జిమ్ తలుపులు మూసి, లోపల ఆడవాళ్లే ఉంటేనే హిజాబ్ తీసి ఆడతారు. ఆ మాట మీదే ఇళ్లలో పంపారు. మగ కోచ్ వస్తే వాళ్ల సంగతేమిటి?"

"అది తర్వాత సర్దుకోవచ్చు" అన్నాడు డీన్.

"వాళ్లను ఒకసారి అడుగుదాం" అన్నాను. నలుగురిలో ముగ్గురు నవ్వారు. ఇక్రాముద్దీన్ సాబ్ నా వైపు వంగి తెలుగులో మెల్లగా, "అమ్మా, పోరగాళ్లను అడిగి కాలేజీ నడుపుతరా" అన్నాడు.

అర్థం చేసుకో మామా. జట్టు కోసం కోచ్‌ను వెతకడం లేదు. ఫోటో కోసం వెతుకుతున్నారు.

ఇంటికి వచ్చి ముత్యంతో చెప్పుకుని ఏడ్చాను. విని, "గా కమిటీల కూసుంటే నీకేమొస్తది? బయటికి రా. వచ్చి అర్జీ పెట్టు" అన్నాడు. రేపు కమిటీ నుంచి తప్పుకుంటున్నాను. ఈ ఉత్తరం చేరేలోగా సంగతి నీకు తెలియాలని ముత్యాన్ని అత్తకు ఫోన్ చేయమన్నాను.

ఎవరి పక్షమూ పట్టవద్దన్నావు. ఈసారి నా పక్షం నేను పడుతున్నాను.

గంగామణి

*

ఆర్మూరు
27 ఫిబ్రవరి 2007

గంగామణికి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నీ మొగడి ఫోన్ మాత్రం వచ్చింది. మీ అత్త విని, నాకు వినబడదు కనుక పలక మీద రాసి చూపించింది. "మణి కాలేజీ నుంచి బయటికి వచ్చింది. ముత్యమే రమ్మన్నాడట." ఆ పలక పట్టుకుని పొద్దటి నుంచి కూర్చున్నాను.

కమిటీ మెంబరుగా వేసిన కాలేజీని ఎవరైనా వదిలి వస్తారా? నీకు బుద్ధి లేదా, వాడికి లేదా? ముత్యాన్ని మన ఇంటికి తెచ్చినప్పుడే నాకు అనుమానం. మంచివాడే గాని ఆడదాని పని విలువ తెలిసిన ఇంట్లో పెరగలేదు. వాళ్ల నాయన మీ అత్తమ్మను అంగన్‌వాడీ ఉద్యోగం మాన్పించి పొలానికి పంపినవాడు. ఆ రక్తం ఎక్కడికి పోతుంది? లుసైల్ ఇసుకలో పదిమంది మీద పెత్తనం చేసి, అదే పెత్తనం ఇంట్లో కూడా చేస్తున్నాడన్నమాట. వాడికి చెప్పు, మణిని కోచ్‌ను చేయడానికి నేను బావతో కొట్లాడాను, అవసరమైతే అల్లుడితోనూ కొట్లాడతాను. ఆర్మూరు వస్తే నా గడప తొక్కవద్దని చెప్పు.

నువ్వు వెంటనే పోయి ఆ డీన్ కాళ్లు పట్టుకునైనా నీ ఉద్యోగం నువ్వు తెచ్చుకో.

జలంధర్

*

దోహా
14 మార్చి 2007

మామా,

ఇక్కడ ఇంటికి ఉత్తరాలు రావు, ముత్యం కంపెనీ పోస్టుబాక్సుకే వస్తాయని నువ్వు మరిచిపోయినట్టున్నావు. నీ ఉత్తరం ముత్యానికి సైటులో అందింది. నీ చేతిరాత చూసి, శుభవార్త అనుకుని అక్కడే చించి చదివాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, మడిచి నా చేతిలో పెట్టి, "మామ చేతిరాత ఇంకా మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతే. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు.

అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. నేను వదిలింది కమిటీని, కాలేజీని కాదు. ఆ మాట ముత్యం సరిగ్గానే చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. వినడంలో అత్తదో, రాయడంలో పలకదో తప్పు. నా అర్జీ టైపు చేసింది ముత్యం. రెండు శుక్రవారాలు పిల్లలను సముద్రం ఒడ్డున కార్నిష్‌కు తీసుకుపోయి, నేను కూర్చుని పాత మ్యాచ్‌ల వీడియోలు చూసుకునేలా చేసింది ముత్యం. వాళ్ల నాయన చేసినదానికి వాళ్లమ్మ ఎంత ఏడ్చిందో చూసి పెరిగాడు కనుకనే ఈ పని చేస్తున్నాడు. రక్తం గురించి రాసేముందు ఒక్కసారి అడగవలసింది.

సరే, ఇక్కడి సంగతి విను. ఆ ఉద్యోగానికి చివరికి ముగ్గురం మిగిలాం. ఆ ఐరోపా కోచ్, నేను, సుర్రయ్యా ఆపా. ఆపా మా బిల్డింగులోనే ఉంటుంది, హైదరాబాదు మల్లేపల్లి మనిషి. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడింది. ఇక్కడ ఒక ఇండియన్ స్కూలులో ఆటల టీచరు. ఆ స్కూలు జట్టు కూడా మా జట్టులాగే చాలా ఏళ్లు ఓడింది, ఇప్పుడు అప్పుడప్పుడు గెలుస్తున్నది.

కోర్టులో దించి చూడమన్న నీ మాట నేను డీన్‌కు రాసి పంపాను. జవాబు లేదు. మా కెప్టెన్ నూరాకు చెప్పాను. నూరా ఈ దేశం పిల్ల, ఇరవై ఏళ్లు, భయమంటే తెలియదు. తిన్నగా డీన్ గదికి వెళ్లి, "ప్రాక్టీసు చేయించి చూపించాలి. తర్వాత మమ్మల్ని అడగాలి. లేకపోతే మేము ఆడము. యల్లా, కానివ్వండి, ఏ రోజు పెడతారో చెప్పండి" అన్నదట. అదే మాట నేనంటే నవ్వారు. ఆ పిల్ల అంటే డీన్ డైరీ తీశాడు. సంతోషపడాలో, తల గోడకు కొట్టుకోవాలో తెలియలేదు.

ప్రాక్టీసులు ఏప్రిల్ మొదటి వారంలో.

ముత్యానికి నువ్వే ఒక ఉత్తరం రాయాలి. నేను చెబితే చాలదు.

గంగామణి

*

ఆర్మూరు
28 మార్చి 2007

ముత్యం బాబుకు,

ఈ ఉత్తరం నీకే. మణి ఫిబ్రవరిలో రాసింది, మార్చిలో రాసింది రెండూ చదివాను. పలక అటక మీద పెట్టించాను. మీ అత్త "నేను కమిటీ అనే రాసిన, నువ్వే కాలేజీ అని చదివినవ్" అంటున్నది. నాకు చెవులతో పాటు కళ్లు కూడా పోయాయని ఇప్పుడు ఇల్లంతా నమ్ముతున్నది. ఎవరి తప్పయినా, రాసిన మాట నాది. మీ నాయన పేరు ఎత్తడం పెద్ద తప్పు. నువ్వు రా, గడప నీదే. నేను ఎదురొచ్చి తీసుకుపోతాను.

మణికి చెప్పు. ప్రాక్టీసు రోజున కొత్తవి నేర్పబోవద్దు. ఉన్నదాన్నే గట్టిగా ఆడించాలి. ఆ పెద్దమనిషికి ఆ పిల్లల పేర్లు నోరు తిరగవు. సుర్రయ్యా ఎంత మంచి ఆటగత్తె అయినా ఆ పిల్లలకు కొత్త. మణి రెండేళ్లుగా వాళ్లతో ఉన్నది. పిల్లలను అడిగితే మణి పేరు తప్ప ఇంకొక పేరు రాదు. నాకు సందేహం లేదు. ఫలితం రాగానే మీ అత్తకు ఫోన్ చేయొద్దు, రాయండి.

మీ మామ,
జలంధర్

*

దోహా
20 ఏప్రిల్ 2007

మామా,

ముత్యం నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ బాధ తీరింది. నా బాధ చెబుతాను.

మొదటి రోజు ఐరోపా కోచ్ వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. జిమ్‌లో అడుగు పెట్టేసరికి ఏడుగురు పిల్లలు ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలు వేసుకుని గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కోర్టులో అయిదుగురే ఉన్నారు. ఆయన వాళ్లనూ వీళ్లనూ చూసి, కాసేపు అయిదుగురితోనే ఆడించి, బంతి పక్కన పెట్టి డీన్ దగ్గరికి వెళ్లాడు. "మీరు నాకు బిల్డింగు ఫోటోలు పంపారు, జట్టు సంగతి చెప్పలేదు. ఆ ఏడుగురినీ బయట కూర్చోబెట్టే కోచ్ ఈ కాలేజీకి ఎందుకు?" అని అడిగాడు. ఆ రాత్రి విమానానికే వెళ్లిపోయాడు. నేను అన్ని నెలలు కోపం పెంచుకున్న మనిషి, నేను చెప్పిన మాటే చెప్పి పోయాడు. ఆయన చెబితే డీన్ తలూపాడు.

రెండో రోజు నేను. నువ్వు చెప్పినట్టే చేశాను. పిల్లలు బాగా ఆడారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. గెలిచాననుకున్నాను.

మూడో రోజు సుర్రయ్యా ఆపా. నేను పై వరసలో కూర్చుని చూశాను. వచ్చీ రాగానే నూరాను ఆపింది. "నువ్వు కెప్టెన్ కదా. బంతి పోయినప్పుడల్లా వెనకకు నడుస్తున్నవు. ఎందుకు పరుగెత్తవు?" అని హిందీ, ఇంగ్లీషు కలిపి అడిగింది. నూరా ముఖం ఎర్రబడింది. నూరాను ఎవరూ అట్లా అడగరు మామా. నేను రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆపా వదల్లేదు. పరుగెత్తేదాకా ఆట మొదలుపెట్టలేదు. చివరికి ఆ పిల్ల కోపంతో పరుగెత్తింది. మిగతావాళ్లు ఆమె వెనక పరుగెత్తారు. ఆ గంటలో జట్టు ఆడిన ఆట నేను ఇంతకుముందు చూడలేదు. చూస్తూ ఆపా మీద ఈర్ష్య పడ్డాను, అది కూడా రాయాలి నీకు.

మర్నాడు పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. సుర్రయ్యా ఆపా పేరే చెప్పారు. ఒకరిద్దరు తప్ప అందరూ.

నూరా నా గదికి వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను. "మణి మిస్, మీరంటే మాకు ప్రేమ. కాని మీరు మాలో ఎప్పుడూ తప్పు చూపించలేదు. అది మాకు మంచి చేయలేదు" అన్నది. "వెళ్లు, క్లాసుకు టైమైంది" అన్నాను.

వాళ్ల కోసం, వాళ్లను అడగాలని కొట్లాడింది నేను. అడిగితే వాళ్లు చెప్పింది ఇది. ఆపా ఎదురుపడుతుందని లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను.

గంగామణి

*

ఆర్మూరు
6 మే 2007

మణీ,

ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ కోపమే వచ్చింది. ఆ పిల్లలకు కృతజ్ఞత లేదు. బస్సెక్కించినదెవరు, ఐసు పెట్టినదెవరు? ఒక్క గంట గదమాయించినామె గొప్పదైపోయిందా? ఆ సుర్రయ్యా ఒకే బిల్డింగులో ఉంటూ, నీ ఉప్పు తిని, నీ ఉద్యోగానికే అర్జీ పెట్టిందా? మన దగ్గర అట్లా చేస్తే ముఖం ఎట్లా చూపిస్తారు?

పిల్లలను అడగమన్నది నేనే. నా బుద్ధి గడ్డి తిన్నది. కోచ్‌ను పిల్లలు ఎంచడమేమిటి? రేపు చదువు చెప్పే మాస్టరును కూడా వాళ్లే ఎంచుతారా? ఇక్రాముద్దీన్ అన్న మాటే సరి. డీన్‌కు నేనే ఇంగ్లీషులో రాస్తాను. నా అనుభవం ముప్పై ఏళ్లదని, ఎంపిక పద్ధతి తప్పని, మళ్లీ చేయాలని. చిరునామా పంపు.

అదేమీ కాదంటే అక్కడ ఉండి అవమానం పడొద్దు. నిజామాబాదులో కొత్త స్కూళ్లు వస్తున్నాయి.

మామ

*

దోహా
25 మే 2007, శుక్రవారం

మామా,

డీన్ చిరునామా పంపడం లేదు. నువ్వు ఆ ఉత్తరం రాయొద్దు. రాసి ఉంటే చించెయ్యి.

నువ్వు చెప్పిన పద్ధతి తప్పు కాదు. మనకు కావలసిన జవాబు రాలేదని పద్ధతిని తిట్టడం ఆ కమిటీవాళ్లు చేసే పని. ఆ జవాబు నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉన్నది. కాని పై వరసలో కూర్చుని ఆ ఆట చూసింది నేను. చూడలేదని నీకు రాయలేను. ఆపా నా ఉప్పు తిని ద్రోహం చేసిందన్నావు. ఆమె అర్జీ పెట్టిన రోజే మా ఇంటికి వచ్చి చెప్పింది. "నేను పెడుతున్న. నువ్వు కూడ పెట్టు, చూద్దాం" అన్నది. అప్పటికి నేనింకా కమిటీలోనే ఉన్నాను. నీకు రాయలేదు, అంతే.

ఇక అసలు సంగతి. నిన్నగాక మొన్న ఆపాకు ఆర్డరు ఇచ్చారు. స్టాఫ్ రూములో చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఏమిటని అడిగితే చూపించింది. హెడ్ కోచ్ అని కాదు, "ప్రస్తుతానికి చూసుకునే కోచ్" అని ఉన్నది. ఇంతకంటే పేరున్న మనిషి దొరికేదాకా అట. పిల్లలు ఎంచుకున్నారు కనుక ఇవ్వక తప్పలేదు, ఇవ్వడం ఇష్టం లేదు. అందుకే ఇచ్చినట్టే ఇచ్చి ఒక చెయ్యి వెనక్కి పట్టుకున్నారు.

"పోనీలే మణీ. మన వయసుకు ఇది చాలు" అన్నది ఆపా. ఆ మాట విన్నాక నాకు కాళ్లు ఆగలేదు.

ఇక్రాముద్దీన్ సాబ్ గదిలోకి పోయాను. తలుపు మూయలేదు. "సాబ్, ఇంకొకరు దొరికేదాకా అని ఎందుకు రాసిండ్రు?" అని అడిగాను.

"ఫార్మాలిటీ అమ్మా."

"అయితే మీ ఆర్డరుల కూడ గట్లనే రాయించుకోండి. మీకంటే పెద్ద ఆఫీసరు దొరికేదాకా అని."

"జబాన్ సంభాల్కే బాత్ కరో. నోరు అదుపుల పెట్టుకోండి. మీరు అసిస్టెంటు. మీకు దీంతోని ఏం సంబంధం? ఓడిపోయిన మనిషి గెలిచినామె కోసం కొట్లాడుడు నేను యాడా చూడలె."

"అసిస్టెంట్‌నే సాబ్. మా హెడ్ కోచ్ గురించి మాట్లాడుతున్న."

నా కోసం అడిగిన ప్రతిసారీ సగంలో ఆగిపోయాను మామా. ఈసారి ఆగలేదు. గొడవ విని డీన్ వచ్చాడు. ఆయనకూ చెప్పాను. "పిల్లలు నన్ను వద్దన్నారు, నేను ఒప్పుకున్నాను. మీరు ఎందుకు ఒప్పుకోరు? జట్టు మళ్లీ ఓడితే, ఆమె పూర్తి కోచ్ కాదు కదా అని తప్పించుకోవడానికేనా? ఆ పిల్లలు ఎవరి మాట విని పరుగెత్తాలి? వచ్చే నెల ఉంటుందో పోతుందో తెలియని మనిషి మాటా?" డీన్ ఇక్రాముద్దీన్ సాబ్ వైపు చూసి, "ఆ వాక్యం తీసేయండి" అన్నాడు. సంజాయిషీ లేదు, క్షమాపణ లేదు. నిన్న కొత్త ఆర్డరు వచ్చింది. హెడ్ కోచ్ అని మాత్రమే ఉన్నది.

నువ్వు దీనికి కూడా కోపగిస్తావని తెలుసు. నిజామాబాదు స్కూళ్లను అలాగే ఉండనివ్వు. నేను ఇక్కడే ఉంటాను, అసిస్టెంట్‌గానే. నూరాతో మాట్లాడాను. ముందు నేనే మాట్లాడాను.

నిన్న సాయంత్రం ఆపా ఆర్డరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. థాంక్స్ చెబుతుందేమో, నేనేమనాలా అని ఆలోచిస్తున్నాను. ముత్యం ఇచ్చిన చాయ్ నిలబడే తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆదివారం ప్రాక్టీసుకు జల్ది రా. నీకు పిల్లలను తిట్టుడు నేర్పిస్త" అని పోయింది.

అత్తకు చెప్పు. పలక మీద రాయొద్దు, ఈ ఉత్తరమే చూపించు.

నీ మేనకోడలు,
గంగామణి